గడప బయట అల్వీసర

ఉర్బానా పెద్దమ్మ కొట్టు బల్ల ముందు కోడిని చంకలో పెట్టుకుని నిలబడింది. ఆ కోడి బల్ల మీదికి దిగేదాకా సిల్వేరియో నోరు తెరిచేలా లేడు.

"కబురు మంచిదే పెద్దమ్మా," అన్నాడు గ్లాసు తుడుస్తూ. "మంచిదని మాత్రం ఇప్పుడే చెప్పగలను. మిగతాది అల్వీసర చూశాక."

"పోయినసారి గుడ్లు ఇచ్చాను కదరా."

"పోయినసారి నీ కూతురు జ్వరం నుంచి లేచిందన్న కబురు. దానికి గుడ్లు చాలు. ఇది అంతకంటే పెద్దది."

ఉర్బానా కోడి కాళ్ళకి కట్టిన నార ఒకసారి బిగించి, బల్ల మీద పెట్టింది. సిల్వేరియో దాన్ని ఎత్తి, రొమ్ము నొక్కి చూసి, వెనకనున్న గంపలో వేసి మూత పెట్టాడు. అప్పుడు చెప్పాడు: లిస్బన్‌లో కూతురికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం.

"ఎప్పుడు?"

"ఆదివారం ఫోనొచ్చింది."

ఆ రోజు బుధవారం. ముసలిది ఏడ్చిందో నవ్విందో తెలియకుండా తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. ఉప్పు కొనడానికి వచ్చిన బ్రిజిదా ఇదంతా తలుపు పక్కన నిలబడి చూసింది. మనవరాలు పుట్టి మూడు రోజులైనా ఆ సంతోషం సిల్వేరియో దగ్గర తాకట్టులో ఉండిపోయింది. ఉర్బానా కోడి అతని గంపలో పడేదాకా.

పోర్చుగల్ సరిహద్దులో ఉన్న ఈ సార్సా ఊళ్ళో అల్వీసర తెలియని పసిపిల్ల ఉండదు. మంచి కబురు మోసుకొచ్చిన మనిషి గడప దాటి లోపలికి రాడు. బయటే ఆగి "అల్వీసరా!" అని కేకేస్తాడు. ఇంటివాళ్ళు "ఇస్తాం" అంటారు. కబురు విన్నాక, వచ్చినవాడు అడిగింది తమకి మోయలేని బరువు కాకపోతే ఇచ్చి తీరతారు. ఇస్తామని ఇవ్వని గడపకి ఆ తర్వాత ఎవడూ కబురు మొయ్యడు, ఇల్లంటుకున్నా సరే. బ్రిజిదా చిన్నప్పుడు ఈ కేక వెయ్యడం కోసం పిల్లలు కొండ దారెంట పోటీలు పడి పరిగెత్తేవాళ్ళు. తర్వాత ఊరికి ఫోను వచ్చింది. దాన్ని సిల్వేరియో కొట్టులో పెట్టారు. అప్పట్నుంచి కబుర్లు నడవడం మానేసి, ద్రాక్షసారా పీపాలకీ కిరసనాయిలు డబ్బాలకీ మధ్య కూర్చున్నాయి. ఎవరిక్కావాలంటే వాళ్ళే వచ్చి విడిపించుకోవాలి.

"మా వైపు దీన్ని అల్బ్రీసియ అంటాం," అంది గుమ్మం దగ్గర నిలబడ్డ కాసిల్దా. ఎర్జిష్ ఏటికి అవతల స్పెయిన్ ఊళ్ళ నుంచి కారప్పొడీ, పింగాణీ గిన్నెలూ గాడిద మీద వేసుకొచ్చి అమ్ముకునే మనిషి. నోటికి తాళం లేదు. "మాట మాదే, మీరు అరువు తెచ్చుకుని అరగదీశారు. కానీ మా వైపు బల్ల వెనక కూర్చుని అల్బ్రీసియ అడిగినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదమ్మా."

"మీదీ కాదు మాదీ కాదు," అన్నాడు పొయ్యి దగ్గర మతియాస్ ముసలాయన. పడుచుతనంలో మొరాకో వెళ్ళి టాంజియర్లో చేపల కార్ఖానాలో పనిచేసొచ్చాడు. "మూరులది, సముద్రం అవతలి అరబ్బులది. వాళ్ళు బిషారా అంటారు. పడవ క్షేమంగా తిరిగొచ్చిందని కేకేస్తే ఆడవాళ్ళు మేడల మీంచి ఖర్జూరాలు విసిరేవాళ్ళు. బిషారా అంటే మంచి కబురు, అంతే. కానుక దానికి తర్వాతెప్పుడో మొలిచిన తోక."

"ఇప్పుడు తోక పట్టుకుని జంతువునే ఈడుస్తున్నారు," అంది కాసిల్దా.

తలుపు మీద ఫాదరుగారి చీటీ ఒకటి గాలికి కొట్టుకుంటోంది: గొడుగు పోయింది, తెచ్చిచ్చినవారికి అల్వీసర. సిల్వేరియో దాన్ని వేలితో చూపించాడు. "అదిగో, ఫాదరుగారే రాశారు. ఊరికే ఎవడిస్తాడు? మాట ఎవడిదైతేనేం, ఫోను నాది."

బ్రిజిదా ఉప్పు పొట్లం అందుకుంది. "తీర్పు సంగతేమన్నా తెలిసిందా అన్నా? మంగళవారంలోగా ఫోను చేస్తానన్నాడు ప్లీడరు."

సిల్వేరియో తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడవడం మొదలెట్టాడు. "లేదమ్మా. ఫోను నోరు విప్పలేదు."

తీర్పంటే కొండబీడు సంగతి. తాతముత్తాతల నుంచి సార్సా గొర్రెలన్నీ మేసిన బీడు తనదేనని భూస్వామి దొర కోర్టుకెక్కాడు. బీడు పోతే ఎండాకాలానికి గొర్రెలకి పరక ఉండదు. బ్రిజిదాకి మొగుడు లేడు. ఉన్నదల్లా ఆ పాడిగొర్రెలూ, జున్ను కట్టే చెయ్యీ.

*

గురువారం పొద్దున్న బ్రిజిదా పాలు పిండి, గుడ్డలో వడగట్టి, నులివెచ్చగా చేసింది. రోట్లో ఎండు ముళ్ళపువ్వు రేకలు ఉప్పుతో నూరి, ఆ ఊదారంగు నీళ్ళు పాలలో పిండి, కుండ మీద దుప్పటి కప్పింది. పాలు తోడుకునేదాకా చేతులకి పనుండదు. ఆ వేళప్పుడు మనిషి మనసుకి పనెక్కువ.

అప్పుడొచ్చాడు జెఫెరీను. సిల్వేరియో బావమరిది. చేతిలో ఎర్రరంగు డబ్బా, కుంచె.

"ఏమ్మా బ్రిజిదా, గొర్రెలమ్ముతావా? పట్నం షావుకారొకాయన కొంటున్నాడు. తీర్పు దొరవైపే అంటున్నారక్కడ. తర్వాత ఈ రేటు కూడా రాదు."

"ఎవరంటున్నారు?"

"అందరూ."

"ఆ అందరికీ పేర్లు లేవా?"

"నీతో పెట్టుకుంటే తెల్లారదు," అని నవ్వి పక్కింటికి పోయాడు.

పక్కిల్లు ఉర్బానాది. గోడ మీంచి బ్రిజిదా చూస్తూనే ఉంది. ముసలిది ఒక్కో గొర్రెనీ పేరు పెట్టి పిలిచింది. అవి మేతకనుకుని పరిగెత్తుకొచ్చాయి. జెఫెరీను కుంచె ముంచి ఒక్కోదాని వీపు మీద ఎర్రటి గీత గీశాడు.

"పెద్దమ్మా, రెండ్రోజులాగరాదా?" అని అరిచింది బ్రిజిదా.

"ఆగి ఏం చెయ్యనే? నేను గడ్డి పీకుతానా ఈ వయసులో? మనవరాలికి జ్ఞానస్నానం గౌనన్నా కొంటాను." ముసలిది చెయ్యి విదిలించి లోపలికి పోయింది. గొర్రెలు పోతుంటే చూడ్డం ఇష్టం లేక తలుపు కూడా వేసుకుంది.

బ్రిజిదా తిరిగొచ్చి దుప్పటి తీసింది. పాలు గట్టిగా తోడుకున్నాయి. గడ్డని చేత్తో మెల్లగా విరిచి, చెక్కపీట మీద వెదురు చట్రాల్లోకి ఎత్తి నొక్కుతుంటే తేట పీట గాడిలోంచి ధారకట్టింది. రోజూ ఆ ధార చప్పుడు ఆమెకి పాటలా ఉండేది. ఆ రోజు మాత్రం ఏదో కారిపోతున్నట్టే వినబడింది.

*

శుక్రవారం తెల్లారగానే పుల్లల కోసం ఆలివు తోట వెనక్కి వెళ్ళింది. అక్కడ సిల్వేరియో దొడ్డి ఉంది. చాన్నాళ్ళుగా గోడ కూలి ఊరకే పడున్న దొడ్డి. ఇప్పుడు రాళ్ళు కొత్తగా పేర్చున్నాయి. లోపల ఎర్ర గీతల గొర్రెలు. వాటి మధ్య, నడుం వంచి, సిల్వేరియో స్వయంగా కొత్త ఎండుగడ్డి పరుస్తున్నాడు. మూలన గొర్రెలు నాకే ఉప్పురాయి కూడా పెట్టాడు.

బ్రిజిదా పుల్లల మోపు చప్పుడు కాకుండా కిందికి దించి, చెట్టు చాటు నుంచి చూసింది.

బండెక్కించడానికి ఆపిన గొర్రెకి ఎవడూ కొత్తగడ్డి పరవడు. ఉప్పురాయి అసలు పెట్టడు. ఇవి పట్నం పోయే గొర్రెలు కావు. ఇక్కడే ఉండేవి. ఇక్కడే ఉండేవైతే మేసేదెక్కడ? బీడు పోయిందని ఊరంతా గొర్రెల్ని వదిలించుకుంటుంటే, బీడు ఉంటుందని తెలిసినవాడే కదా కొనేది!

 ఆమెకి కోపం కంటే ముందు వచ్చింది సంతోషం. "గెలిచాం" అనే మాట నాలుక చివరికొచ్చింది. ఎవరూ చెప్పలేదు, గొర్రెల కింద పరిచిన గడ్డి చెప్పింది. అయినా గడ్డి మాట కోర్టులో చెల్లదు, ఊళ్ళోనూ చెల్లదు.

ఆరిన జున్నుగడ్డలు ఎత్తి గంపలో పెట్టుకుంది. ముఖం కడుక్కుని కాస్తెలు బ్రాంకు పట్నం బస్సెక్కింది. అడిగినవాళ్ళకి సంతకే అని చెప్పింది.

ప్లీడరు ఇంట్లో గుమాస్తా ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. "రామ్మా రా! ఊళ్ళో గంటలు మోగించారా? మూడు రోజుల్నుంచీ పండగేనేమో!"

"ఏ పండగ బాబూ?"

"అదేంటి? మంగళవారం మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పాను కదా. బీడు మీదే. దొర దావా కొట్టేశారు. ఆ కొట్టాయన ఎంత సంతోషించాడో! ‘నేనే ఇంటింటికీ చెప్తానండీ’ అన్నాడు."

బ్రిజిదా బల్ల మీద కూలబడింది. గంపని రెండు చేతులా ఒళ్ళోకి లాక్కుని, తల వంచి, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. గుమాస్తా కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

"బాబూ, నాకో సాయం చెయ్యి," అంది నీళ్ళు తాగి. "ఆదివారం దాటేదాకా మా ఊరికి ఫోను చెయ్యకు. ఇంకెవరికీ చెప్పకు."

"ఎందుకమ్మా?"

"ఈ కబురు నడిచి రావాలి."

అన్నింటికంటే పెద్ద జున్ను అతని బల్ల మీద పెట్టింది. అతను వద్దంటుంటే, "నీ నోట్లో పంచదార పొయ్య, కాదనకు. ఇది నీ అల్వీసర," అంది.

*

తిరుగు దారిలో బస్సు దిగిన మలుపు దగ్గర కాసిల్దా గాడిదకి నీళ్ళు పెడుతోంది. బ్రిజిదా ముఖం చూసి, "ఏంటే, పెళ్ళికూతురిలా వెలిగిపోతున్నావ్?" అంది. కాసిల్దా ఆ ఊరిది కాదు, ఊళ్ళో చుట్టాల్లేరు. బ్రిజిదా కడుపులో దాచుకోలేక అంతా చెప్పేసింది.

"అయితే ఇంకేం! చౌరస్తాలో నిలబడి అరిచెయ్! వాడి బతుకు బజారునపడుతుంది."

"పడదే. ‘ఫోన్లో గరగరలాడింది, సరిగా వినబడలేదు’ అంటాడు. నాలుగు తిట్లు తిని ఊరుకుంటాడు. బీడు మనకే ఉంటుంది, ఉర్బానా పెద్దమ్మ గొర్రెలు వాడికే ఉంటాయి. అమ్మింది అమ్మిందే అంటాడు."

"మరేం చేస్తావ్?"

"వాడికీ గొర్రెలున్నాయి కదా. ఆ బీడులోనే మేస్తాయి. అంటే ఇది వాడికి కూడా మంచి కబురే."

కాసిల్దా గాడిద మెడ కౌగిలించుకుని పకపకా నవ్వింది. "ఆదివారం మీ ఊళ్ళో నాకు బేరం ఉన్నా లేకపోయినా వస్తానే!"

మంచి కబురు నోట్లో పెట్టుకుని శనివారమంతా గడపడం నిప్పుకణిక పట్టుకున్నట్టయింది. మధ్యాహ్నం ఉర్బానా వచ్చి గడప మీద కూర్చుంది. "పొద్దున్నే లేచి పాలచెంబు పట్టుకుని దొడ్లోకి పోయానే," అంది. "వాకిలి తీసేదాకా గుర్తురాలేదు." చెంబు ఇంకా చేతిలోనే ఉంది.

బ్రిజిదా పెదవులు విడివడ్డాయి. ఒక్కమాట చాలు, ఆ ముడతల ముఖం విచ్చుకుంటుంది. ఆ ఒక్కమాట ముసలిదాని నోటి నుంచి సాయంత్రానికి సిల్వేరియో చెవికి చేరుతుంది కూడా. పంటి కింద నాలుక కరుచుకుని లేచింది. తేట మరిగించి తీసిన వెచ్చటి కోవా గరిటెతో చెంబులో వేసింది.

"తిను పెద్దమ్మా. రేపు పూజ అయ్యాక ఇంటికి పోకు. కొట్టు దగ్గరికి రా."

"నాకక్కడేం పని? ఇవ్వడానికి కోళ్ళు కూడా లేవు."

"నువ్వేం ఇవ్వక్కర్లేదు. ఊరికే రా."

అటుపక్క వీధిలో జెఫెరీను కుంచె ఇంకో రెండిళ్ళు ఎక్కి దిగింది. తను నోరు మూసుకున్నందుకు పోతున్న గొర్రెలవి. బ్రిజిదా తలుపు వేసుకుని జున్నులకి ఉప్పు రుద్దుతూ కూర్చుంది. అరచేతులు మండేదాకా రుద్దింది.

*

ఆదివారం పూజ అయ్యాక మగాళ్ళంతా ఎప్పట్లాగే సిల్వేరియో కొట్లో చేరారు. ఆడవాళ్ళు చర్చి మెట్ల మీద నుంచి ఇంకా కదల్లేదు. బ్రిజిదా పండగ శాలువా కప్పుకుని వీధి మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, కొట్టు గడపకి బెత్తెడు ఇవతల ఆగింది.

"అల్వీసరా!"

ఆ కేక విని ఎన్నాళ్ళయిందో! లోపల గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీది ఆడవాళ్ళు లేచొచ్చారు.

"అల్వీసరా, సిల్వేరియో అన్నా! నీ ఇంటికి మంచి కబురు తెచ్చాను."

సిల్వేరియో బల్ల వెనక నుంచి తొంగిచూశాడు. "ఏం కబురు? లోపలికొచ్చి చెప్పు."

"కబురు తెచ్చినదాన్ని లోపలికెలా వస్తాను? ముందు ఇస్తానను."

"ఏదో తెలియకుండా ఎలా అంటాను?"

పొయ్యి దగ్గర నుంచి మతియాస్ కర్ర నేలకి తాటించాడు. "మా కోళ్ళు నీ గంపలోకి ఎలా వచ్చాయిరా? కబురు తెలిసే ఇచ్చామా?"

కొట్టంతా గొల్లుమంది. "అనరా!" "ఇచ్చే చెయ్యి ఎలా ఉంటుందో చూస్తాం, అను!" బయట కాసిల్దా గొంతు అన్నింటికంటే పైన: "మా వైపు అల్బ్రీసియకి నోరు పెగలని ఇంటికి కాకి కూడా వాలదయ్యా!"

సిల్వేరియో బల్ల పట్టుకున్నాడు. అతని పెళ్ళాం ఒటీలియా వంటింటి తలుపు దగ్గరికి వచ్చి పిండి చేతులతో నిలబడింది. ఆమె మొగుడి వంక చూసిన చూపులో అనుమానమేం లేదు, ఆశ మాత్రమే ఉంది. బహుశా ఆ చూపే అతని చేత అనిపించింది.

"సరే. ఇస్తాను."

"బీడు మనదే!" అంది బ్రిజిదా. "దొర దావా కొట్టేశారు. ప్లీడరు ఇంట్లో నా చెవులారా విన్నాను. కొండబీడు సార్సాదే!"

 లేచిన గోలకి చర్చి మీది పావురాలు ఎగిరిపోయాయి. ఎవరో టోపీ పైకి విసిరారు, ఎవరో బల్ల మీద పిడికిళ్ళతో తాళం వేశారు. ఒటీలియా పిండి చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. ఉర్బానా మాత్రం కదల్లేదు. బీడు మిగిలింది, మేసే గొర్రెలు లేవు.

అందరి ముఖాలూ మారాయి, ఒక్క సిల్వేరియోది తప్ప. అది గమనించుకుని, ఆలస్యంగా, అతనూ నవ్వాడు.

"నీకు తెలియదు కదన్నా?" అంది బ్రిజిదా మెత్తగా. "మంగళవారమే ఎవరికో ఫోన్లో చెప్పామన్నారక్కడ. ఏ ఊరి కొట్టాయనతో మాట్లాడారో మరి. నీకైతే మాకు చెప్పకుండా ఉంటావా?"

గోల ఒక్కసారిగా పలచబడింది. తలలు ఒక్కొక్కటీ అతని వైపు తిరిగాయి. తెలుసంటే ఊరు తంతుంది. తెలియదంటే అల్వీసర బాకీ పడ్డాడు. సిల్వేరియో గ్లాసు అందుకుని తుడవసాగాడు. 

"నాకు... నాకెలా తెలుస్తుంది? ఏదో పొరపాటు లైనయి ఉంటుంది."

"అదే నేనూ అనుకున్నాను. మరి నా అల్వీసర అడగనా?"

"అడుగు."

"నీ దొడ్లో ఎర్ర గీతల గొర్రెలున్నాయి. ఎవరివి వాళ్ళింటికి తోలు. నువ్విచ్చిన డబ్బు వాళ్ళు తిరిగిచ్చేస్తారు. నీకు నష్టం లేదు, ఇది మోయలేని బరువూ కాదు."

"అవి నావి కావు! పట్నం షావుకారువి!"

"అలాగా! షావుకారు గొర్రెలకి నువ్వే గడ్డి పరిచి, ఉప్పురాయి పెట్టి, గోడ కట్టావా? ఎంత మంచివాడివన్నా!"

జెఫెరీను మెల్లగా తలుపు వైపు జరగబోయాడు. గుమ్మంలో ఆడవాళ్ళు నిండుగా నిలబడున్నారు. ఒకామె అతని గోళ్ళ సందుల్లో ఎండిన ఎర్రరంగు చూసి, చెయ్యి పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించింది. ఎవరూ అతన్ని కొట్టలేదు. 

మాట్లాడింది ఒటీలియా. "ఆ గొర్రెలు లారీ వచ్చేదాకానే అన్నావు కదా," అంది మొగుడితో. గొంతు పెద్దది చెయ్యలేదు.  ఆమె చేతులు నడుముకి కట్టిన గుడ్డకి తుడుచుకుంది. పక్కనున్న మేకుకి వేలాడుతున్న దొడ్డి తాళంచెవి తీసి అతని ముందు బల్ల మీద పెట్టింది.

"ఇస్తానన్నావు. నా ఇంటి గడప మీద అన్నావు."

సిల్వేరియో తాళంచెవి అందుకున్నాడు. జనం దారిచ్చారు. తలొంచుకుని ఆలివు తోట వైపు నడిచాడు. వెనకాల ఊరంతా నడిచింది. కాసిల్దా గాడిద కూడా.

దొడ్డి తలుపు తెరిచింది సిల్వేరియోనే. ఆడవాళ్ళు గోడ చుట్టూ నిలబడి పేర్లు పెట్టి పిలిచారు. ఎవరి గొంతుకి వాళ్ళ గొర్రెలే వచ్చాయి. ఎర్ర గీతలున్నా సరే, ఒక్కటీ ఇల్లు మరిచిపోలేదు. ఉర్బానా మొదట పిలవలేకపోయింది.  బ్రిజిదా ఆమె వీపు మీద చెయ్యేసింది. అప్పుడు పిలిచింది. తన గొర్రెల్లో పెద్దది పరిగెత్తుకొచ్చి ముసలిదాని కడుపులో తల పెట్టి పొడిచిన పొడుపుకి, ఆమె కొత్తగడ్డి మీద చతికిలబడి, లేవకుండానే నవ్వింది.

"ఇంటికి కాదు, పైకి తోలండి!" అన్నాడు మతియాస్. "బీడుకి తోలండర్రా!"

మందలు కలిసిపోయి, మెడగంటలు మోగుతూ, కొండ దారి పట్టాయి. ఆడవాళ్ళు పరుగున ఇళ్ళకి పోయి తమ చదరపు డప్పులు తెచ్చారు. చర్చి గంట తాడు ఎవరి చేతికి చిక్కిందో కానీ ఆగకుండా మోగుతోంది.

బ్రిజిదా తన గొర్రెల్ని తోలుకు రావడానికి వెనక్కి తిరిగింది. కొట్టు ముందుకొచ్చేసరికి ఒటీలియా గడప దాటి వీధిలోకి వచ్చి నిలబడుంది. చేతిలో అప్పుడే పొయ్యిలోంచి తీసిన తేనెరొట్టె. ఆవిరి పోతోంది. ఒక ముక్క విరిచి, ఊది, బ్రిజిదా నోట్లో పెట్టింది.

"అది ఆయన బాకీ. ఇది నాది," అంది. "మా గొర్రెలు కూడా ఆ బీడులోనే మేస్తాయి కదమ్మా."

లోపల ఫోను మోగింది. కొట్లో ఎవరూ లేరు. ఒటీలియా మిగిలిన రొట్టె బ్రిజిదా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి ఎత్తింది, విన్నది, పెట్టేసింది. బయటికొచ్చి కొట్టు తలుపులు దగ్గరగా వేసింది. పిండి మరకల పావడా కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, కబురు మోసుకుంటూ, ఎవరింటికో, వీధి వెంట పరుగు తీసింది.